మూడు ముక్కలు నా దగ్గర, కొస ఆయన దగ్గర

నిన్న సాయంత్రం మా కంపెనీ బస్సు అచ్యుతాపురం దాటుతుండగా ఎవరిదో కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. కాకినాడ నుంచట. చేపలవేట సరదా ఉన్నవాళ్ళ గ్రూపులో ఎప్పుడో నేను పెట్టిన ఫోటో ఇప్పుడు చూశాడట. "సార్, ఆ ఫ్లై రాడ్ ఇంకా మీ దగ్గరే ఉందా? ఆ కంపెనీ మూతపడిపోయింది కదండీ, ఎంత వెతికినా దొరకట్లేదు. అమ్ముతారా?" అన్నాడు. అమ్మనని ఒక్క ముక్కలో చెప్పేస్తే పోయేది. ఈలోపే ఆయన, "నాలుగు భాగాలూ ఉన్నాయి కదా సార్?" అని అడిగాడు. ఉన్నాయి అని చెప్పడానికి ఆలోచించాల్సిన ప్రశ్న కాదది. లైన్ కట్టయిందేమోనని ఆయన హలో హలో అంటుంటే, మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

ఫ్లై రాడ్ అంటే తెలియనివాళ్ళు చాలామందే ఉంటారు. మామూలు గేలానికి ఎర గుచ్చి, సీసం గుండు కట్టి, ఆ బరువుతో విసురుతాం. దీనికి ఎర ఉండదు, గుండూ ఉండదు. ఈకలు, దారాలు కలిపి కట్టిన ఓ చిన్న పురుగు బొమ్మ కొక్కేనికి ఉంటుంది. బరువంతా తాడుదే. ఆ తాడును నెత్తి మీదుగా వెనక్కీ ముందుకీ ఆడించి నీటి మీద పరవాలి. మా విశాఖ సముద్రానికి ఈ నాజూకు వేషం ఎందుకని నవ్వేవాళ్ళే ఎక్కువ. నేను వీడియోల్లో చూసి మోజుపడ్డాను. చుట్టాలు సంబంధాలు చూడటం మానేసిన వయసులో, మద్దిలపాలెంలో ఒంటిగది అద్దెకు తీసుకుని, వారమంతా మందుల ఫ్యాక్టరీలో మూతికి మాస్కు కట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పనిచేసేవాడికి ఏదో ఒక మోజు ఉండాలి కదా.

పాత వస్తువులు అమ్ముకునే యాప్‌లో ఆ రాడ్ కనబడింది. తగరపువలస అడ్రసు. ఫోన్ చేస్తే అవతలి నుంచి ఓ బొంగురు గొంతు, "ఆదివారం. పొద్దున్న. టీ కొట్టుకాడ. ఓవర్," అని పెట్టేసింది. ఎవరో తిక్కమనిషి అనుకున్నాను. తిక్కమనిషే.

ఆయన పోర్టులో టగ్గు నడిపిన సరంగు. పెద్ద ఓడలు వాటంతట అవి రేవులోకి రాలేవు. టగ్గు అనే చిన్న పడవ వాటికి తాడు కట్టి లోపలికి లాక్కొస్తుంది. ఆ పడవకి పెద్ద ఈయన. రిటైరై చాలా కాలమైనా వైర్‌లెస్ సెట్టు అలవాటు మాత్రం పోలేదు. ఫోన్‌లో ఏం మాట్లాడినా చివర ఓవర్ అనేవాడు, అవతలివాడు జవాబు చెప్పేలోపే కట్ చేసేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. తగరపువలసలో ఎవరింట్లోనో వెనక వాటా. ఆయన పేరు నాకు తెలిసింది ఆయన పోయాకే. ఆ పేరుతో నేనెప్పుడూ పిలవలేదు గనక ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. నాకు ఆయన సరంగు గారు. ఆయనకు నేను బావని. తండ్రి వయసు మనిషి బావా బావా అంటుంటే మొదట్లో చుట్టూ చూసుకునేవాణ్ణి.

మొదటి ఆదివారం నేను వెళ్ళేసరికి తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలక్కుండా బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధనకు వెళ్ళి, అటునుంచటే వచ్చాడు. ముందు రెండు టీలు. నన్ను అడగలేదు, ముందే చెప్పి ఉంచాడు. బాగున్నావా, ఎక్కడ పని లాంటివేం లేవు. "గాలి ఎటేపు?" అన్నాడు. నాకు తెలీదన్నాను. "మద్దిలపాలెం నుంచి ఇంతదూరం బండి మీదొచ్చినావు, గాలెటేపో తెల్దేటి నీకు?" అని నా వైపు జాలిగా చూశాడు.

టీ కొట్టు బల్ల మీద పాత దుప్పటి పరిచి నాలుగు ముక్కలూ పేర్చాడు. పిడి ఉన్న అడుగు ముక్క, రెండు నడిమి ముక్కలు, గడ్డిపరకంత సన్నని కొస. ముదురు ఆకుపచ్చ రంగు, ఎర్ర దారపు కట్లు. కంపెనీ పేరు ఆయన బొటనవేలు రాపిడికే సగం చెరిగిపోయింది. అదెలా దొరికిందని అడిగితే, ఓ విదేశీ ఓడ ఇంజనీరు ఆవకాయ జాడీకి మారుగా ఇచ్చాడన్నాడు. తర్వాతి నెల అదే ఇంజనీరు పేకాటలో ఓడిపోయి ఇచ్చాడు. ఇంకోసారి ఏడుస్తూ బహుమతిగా ఇచ్చాడు. "ఏదో ఒకటి ఖాయం చెయ్యండి సరంగు గారూ," అని నేనంటే, "నీకు రాడ్డు కావాలా, కత కావాలా?" అని కసిరేవాడు.

ధర దగ్గర గొడవేం పడలేదు. నేను డబ్బిచ్చాను, ఆయన జేబులో పెట్టుకున్నాడు. దుప్పటి మీంచి మూడు ముక్కలు తీసి గుడ్డసంచిలో వేసి నా చేతికిచ్చాడు. నాలుగోదాన్ని బూడిదరంగు ప్లాస్టిక్ పైపులోకి దూర్చి, రెండువైపులా బిరడాలు బిగించి, నైలాన్ తాడుతో భుజానికి తగిలించుకున్నాడు.

"అదేంటండీ, అది కూడా ఇవ్వాలి కదా?"

"ఇత్తాను. ఇప్పుడు కాదు."

"డబ్బు మొత్తం ఇచ్చాను కదండీ!"

"డబ్బులిచ్చీసినోడల్లా పట్టుకున్నట్టేటి? ఒరే బావా, ఓడ మీదకి తాడిసిరినామనుకో. అవతలోడు దాన్ని గట్టిగా కట్టీసి సెయ్యెత్తుతాడు. ఆ సెయ్యి సూసేదాక మనం ఇవతల వదలకూడదు. వదిలేమా, ఓడొక దిక్కు, పడవొక దిక్కు. నువ్వింకా సెయ్యెత్తలేదు."

నాకు ఒళ్ళు మండింది. నడిరోడ్డు మీద చెయ్యి పైకెత్తి, "ఇదిగో, ఎత్తాను, ఇవ్వండి," అన్నాను. టీ కొట్టు నడిపే అక్క పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. "కట్టీకుండా ఎత్తితే ఎత్తినట్టు కాదు. రాడ్డు ఆడించడం రావాల. ఈ కొస విరిగితే మరి దొరకదు, ఆ కంపెనీయే నేదు. వేరే కంపెనీది దీనికి పట్టదు. పైవారం రా," అని లేచిపోయాడు.

నాకంటే ముందు ఇద్దరు కొనడానికి వచ్చారనీ, కొస ఇవ్వననేసరికి తిట్టి డబ్బు వెనక్కి తీసుకుపోయారనీ అక్క చెప్పింది. నేనూ అలాగే చెయ్యాల్సింది. ఇంటికెళ్ళి ఆ మూడు ముక్కలు జోడించి చూసుకున్నాను. బూజుకర్రలా ఉంది. వారమంతా ఆయన్ని తిట్టుకున్నాను. శనివారం రాత్రికి బండిలో పెట్రోలు కొట్టించాను. నిజం చెప్పాలంటే ఆదివారం పూట నేను వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఆయన కొస తెచ్చేవాడు, నేను మూడు ముక్కలు తెచ్చేవాణ్ణి. ఇద్దరం నా బండి మీద భీమిలి వెళ్ళేవాళ్ళం. గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ముక్కలు జోడించేవాడు. ఆఖర్న కొస బిగించేటప్పుడు నోరు కొంచెం తెరుచుకునేది, సూదిలో దారం ఎక్కించేవాళ్ళకి తెరుచుకుంటుంది చూడండి, అలా. వేట అయిపోయాక మళ్ళీ విడదీసి, నావి నాకిచ్చి, తనది పైపులో పెట్టుకునేవాడు. ఆయన లేకుండా నేను వేటాడలేను. నేను లేకుండా ఆయనా వేటాడలేడు. ఇది ఆయన కావాలనే చేసిన ఏర్పాటని అర్థం కావడానికి నాకు చాలా వారాలు పట్టింది. చదువుకున్నవాడి బుర్ర కదా.

ఇంతా చేసి ఆయనేమైనా గొప్ప వేటగాడా అంటే, కాదు. నాకంటే ఘోరం. తాడును వెనక్కి విసిరినప్పుడు అది పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగాలి, అప్పుడే ముందుకు కొట్టాలి. ఆ ఆగడమే ఈ విద్యంతా. నా వెనక నిలబడి, "ఆగు... ఆగు... ఊఁ, ఇప్పుడు!" అని నాకు చక్కగా చెప్పేవాడు. తన చేతికి వచ్చేసరికి ఆగేవాడు కాదు. తాడంతా మెడ చుట్టూ చుట్టుకునేది. ఓసారి కొక్కెం వెళ్ళి ఆయన చెవికే గుచ్చుకుంది. వలలు లాగే కుర్రాళ్ళు ఒడ్డున నిలబడి, "ఏటి తాతా, దోమల్ని తోలతన్నావేటి?" అనేవారు. "అవున్రా, మీకాడికి పంపుతన్నాను," అనేవాడు.

పురుగు బొమ్మలు మాత్రం శ్రద్ధగా కట్టేవాడు. ఆదివారం కోడిమాంసం కొట్టు దగ్గర జనమంతా మాంసం కోసం తోసుకుంటుంటే ఈయన పక్కన గంపలోంచి ఈకలు ఏరుకునేవాడు. ఒక్కో ఈకా ఎండకి పెట్టి చూసి, చీరల కొట్లో ఆడవాళ్ళలా ఇది కాదు, అది చూపించు అన్నట్టు పక్కన పెట్టేవాడు. బిస్కెట్ పొట్లాల వెండికాగితం, దర్జీ దగ్గర తెచ్చిన దారపు ముక్కలు. ఒక్కో బొమ్మకీ పూర్వం తన పడవలో పనిచేసిన వాళ్ళ పేరు పెట్టేవాడు. "ఈడు బద్దకస్తుడు, మునిగిపోతాడు. ఆడ్ని కట్టు, ఆడు ఈదుతాడు," అని అందిచ్చేవాడు. ఆదివారం పూట వేటేమిటండీ, పాస్టరు గారు ఏమీ అనరా అంటే, "ప్రభువు ఎంబడేసుకున్నోళ్ళలో సగం మంది సేపలోళ్ళే. ఆయనకి నేని బాద ఈయనకేటి?" అన్నాడు.

ఒక్కసారంటే ఒక్కసారి మంచి చేప పడింది. చలికాలం, నీళ్ళు తేటగా ఉన్నాయి. పార చేప, మూరెడు కూడా లేదు గానీ దాని పౌరుషం దానిది. తాడు జర్రున లాక్కుపోయింది. సరంగు గారు వేట సంగతి మర్చిపోయి మళ్ళీ టగ్గు ఎక్కేశాడు. "వదులు! ఇంకా వదులు! ఆపు! ఇప్పుడు లాగు, మెల్లగా, మెల్లగా!" అని చేతులూపుతూ నీళ్ళలోకి దిగిపోయాడు. చేప ఒడ్డుకొచ్చాక సంచి లేదు. చర్చి చొక్కా విప్పి దాంట్లో చుట్టేశాడు. బనీనుతో బండి వెనక కూర్చుని తగరపువలస దాకా ఆ మూటని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొచ్చాడు. టీ కొట్టు అక్కకి ఇచ్చేశాం, పులుసు పెట్టి తలో గిన్నె ఇచ్చింది. పై ఆదివారం చర్చికీ అదే చొక్కా. ఎన్నిసార్లు ఉతికినా వాసన పోలేదట. "బల్లకి ఈ సివర నానొక్కడినే, బావా. అందరూ ఆ సివర్నే కూకున్నారు," అని ఎంత సంబరంగా చెప్పాడో.

ఆ పులుసు తిన్న రోజే అనుకుంటాను, చెయ్యి కడుక్కుని బెంచీ మీద వాలి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "పోర్టులో ఉన్నన్నాల్లు రోజూ ఎవడో ఒకడు నా తాడు పట్టుకునేవోడు. ఏ దేశపోడో, ఏ బాసో, తెల్దు. తాడిసిరితే పట్టుకునేవోడు, సెయ్యెత్తేవోడు. దిగిపోనాక సూడు, నోట్లో మాట నోట్లోనే ఉండిపోద్ది. గోడలతోటి ఎంతకని మాట్లాడతాం?" నా గదికీ నాలుగు గోడలున్నాయని చెప్పాలనిపించింది. ఆయనకి తెలిసే ఉంటుంది.

విడిపోయేటప్పుడు కూడా ఆయనకో పద్ధతి. తగరపువలస కూడలిలో దించేశాక నేను బండి తిప్పి కాస్త దూరం వెళ్ళి, వెనక్కి చూడకుండా చెయ్యెత్తాలి. ఎత్తేదాకా ఆయన కదలడు. మొదట్లో మర్చిపోయేవాణ్ణి. ఓసారి అలాగే వెళ్ళిపోతే, హైవే ఎక్కాక ఫోనొచ్చింది. "సెయ్యేదీ? ఎండలో నిలబడున్నాను. ఓవర్." బండి ఆపి, నడిరోడ్డు మీద, ఎవరికీ కనబడకుండా పోయే చెయ్యి ఎత్తి, "ఎత్తానండీ బాబూ!" అని ఫోన్‌లో అరిచాను. అప్పుడు ఇంటికెళ్ళాడు.

కొస ఇవ్వమని అడగడం నేను మానలేదు. వారం వారం అడిగేవాణ్ణి, వారం వారం ఏదో వంక పెట్టేవాడు. మణికట్టు ఊగుతోందనో, గాలి చూసుకోలేదనో. అడక్కపోతే మాత్రం ముఖం చిన్నబోయేది. అందుకని మర్చిపోకుండా అడిగేవాణ్ణి.

మొన్నటి వేసవిలో ఆయనకి ఆయాసం మొదలైంది. ఇసుకలో నాలుగడుగులు వేసి ఆగేవాడు. గాలి చూస్తున్నట్టు నటించేవాడు. ఆసుపత్రికి తీసుకెళ్తానంటే, "ఎల్లొచ్చినాను. మందులిచ్చినారు. గుండె ముసలిదైపోనాదంట, ఆ మాట సెప్పడానికి అంత సదువెందుకో," అని తేల్చేశాడు. ఆ ఆదివారం వేటాడలేదు. రాడ్ జోడించుకుని, ఊరికే ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. తిరిగి కూడలికొచ్చాక బండి దిగి, భుజం మీంచి పైపు తీసి నా ముందుకు చాపాడు.

"బావా, ఇది కూడా నువ్వే ఉంచు."

ఇన్నాళ్ళూ అడుగుతూ వచ్చిన వస్తువు అది. ఎదురుగా ఉంది. నా చేతులు ముందుకు రాలేదు.

"నాకింకా మణికట్టు ఊగుతోంది," అన్నాను.

"ఊగట్నేదు. బాగానే ఆడత్తన్నావు."

"వచ్చే ఆదివారం మీరే తీసుకురండి. నేను మూడూ తెస్తాను."

"ఇది నీకాడుంటే నాకు బయం నేదు, బావా. ఇంక సెయ్యెత్తు. నాను వదిలేత్తాను."

రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాను. ఆయన నా జేబుల వైపు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో దగ్గొచ్చింది. అక్క మంచినీళ్ళిచ్చింది. పైపు మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. నేను బండి తీశాను. చెయ్యెత్తలేదు. అద్దంలో చూస్తే ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా, భుజాన పైపు. మలుపు తిరిగేదాకా కదల్లేదు. ఫోన్ వస్తుందని దారంతా చూశాను. రాలేదు.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి బెంచీ ఖాళీగా ఉంది. బల్ల మీద రెండు టీలు పోసి ఉన్నాయి. చర్చి ఇంకా వదల్లేదేమో అనుకుని కూర్చున్నాను. అక్క పొయ్యి దగ్గర్నుంచి నా వైపు చూసి, మళ్ళీ ఆ గ్లాసుల వైపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో బాబూ, నీకు తెల్దు కదూ? అలవాటులో రెండూ పోసీసినాను. గురువారం తెల్లారగట్ల ఎలిపోనాడు. ఆల్ల మేనల్లుడొచ్చి అన్నీ జరిపించినాడు. నీకు సెప్పమన్నాను గానీ, నీ పేరు మాకెవరికీ తెల్దు. ఆ ఫోన్లో ఎతికినారు. ఆదివారం అని ఒక నంబరున్నాదంట. ఆదివారం ఏటి, మనిషి కాదు కదా అనీసి ఒదిలీసినారు."

ఆ నంబరు నాదే. ఆయన ఫోన్‌లో నా పేరు ఆదివారం.

అక్క లోపలికెళ్ళి బూడిదరంగు పైపు తెచ్చింది. "బుదవారం ఒచ్చి ఇచ్చినాడు. మూడు ముక్కలాయనొత్తాడు, నాను రాలేకపోతే ఇదిచ్చీ అన్నాడు. నానేటి, నువ్వే ఇద్దువులే అన్నాను." ముక్కు చీది, "నువ్వు రాని వారాలు కూడా రెండే సెప్పేవోడు బాబూ. ఒకటి తాగీసి, రెండోది సల్లారిందాక సూసి ఎల్లిపోయేవోడు," అంది.

రెండు టీలూ నేనే తాగాను. రెండోది అప్పటికే చల్లారిపోయింది. అంత ఏడుపు నా దగ్గరుందని నాకు తెలియదు. రోడ్డు మీద జనం చూస్తున్నారని కూడా తోచలేదు.

భీమిలి వెళ్ళాను. ఇసుకలో కూర్చుని నాలుగు ముక్కలూ నేనే జోడించాను. మొదటిసారి మొత్తం రాడ్ నాదయింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. తాడు వెనక్కి విసిరాను. ఆగమని చెప్పేవాళ్ళు వెనక ఎవరూ లేరు. తాడు వచ్చి మెడకి చుట్టుకుంది. వలల దగ్గర కుర్రాళ్ళు ఇటు చూశారు. తాతేడని ఒకడు చేత్తోనే అడిగాడు. లేడని తలూపాను. వాళ్ళు ఆ రోజు దోమల మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఇవాళ్టిదాకా దాన్ని మళ్ళీ జోడించలేదు. మూడు ముక్కలు గుడ్డసంచిలో, కొస పైపులో, గదిలో రెండు వేర్వేరు మూలల్లో ఉన్నాయి. ఆదివారాలు బట్టలుతుక్కుంటున్నాను.

ఈ ఉదయం కాకినాడాయన మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏమాలోచించారు సార్? నాలుగూ ఉన్నాయన్నమాటేగా?"

"ఉన్నాయండీ. కానీ నేను అమ్మలేను. నాకమ్మినాయన ఇంకా పూర్తిగా అప్పజెప్పలేదు."

"అదేంటి సార్, అన్నీ మీ దగ్గరే ఉన్నాయంటున్నారు. అప్పజెప్పేయమని ఆయన్ని అడగండి."

"ఆయన ఎప్పుడో రెడీ అండీ," అన్నాను. "నేనే ఇంకా చెయ్యెత్తలేదు."